నీలం రంగు పోస్తే రేవు కాదు

ఇచ్ఛాపూర్ అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా చివరన ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఇచ్ఛాపురం. దాదాపు అదే పేరుతో మరో ఊరు దేశానికి అవతలి తీరంలో ఉంది. గుజరాత్‌లో సూరత్ నగరం నుంచి హజీరా పారిశ్రామిక ప్రాంతానికి వెళ్లే దారిలో, తపతి నదికి ఉత్తరపు ఒడ్డు వైపున ఉన్న ఇచ్ఛాపూర్ అది. రెండు ఊళ్లకూ సముద్రం దగ్గరే. కానీ ఆ రెండు సముద్రాలూ ఒక్కలా ప్రవర్తించవు. శ్రీకాకుళం తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా రెండు మీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. హజీరా దగ్గర అవే రోజుల్లో అది దాదాపు ఆరు మీటర్లకు చేరుతుంది. అంటే రెండంతస్తుల ఇంటి ఎత్తు. పొద్దున ఓడ తేలిన చోట మధ్యాహ్నానికి బురద కనిపించవచ్చు.

ఈ రెండు తీరాల్లో ఏ ఒక్కదాన్నయినా చిన్న నమూనాగా కట్టాలనుకున్న మనిషికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: నీళ్లు ఎంత ఎత్తున ఉండాలి? విచిత్రంగా, మోడల్ రైల్వే రేవులు కట్టేవారిలో చాలామంది చివరిదాకా అడగని ప్రశ్న కూడా ఇదే.

మోడల్ రైల్వే అంటే పిల్లల తాళంచెవి రైలు కాదు. అసలు రైలును, పట్టాలను, స్టేషన్లను, చుట్టూ ఉన్న ఊరిని ఒకే నిష్పత్తిలో కుదించి బల్ల మీద కట్టే అభిరుచి. ప్రపంచంలో ఎక్కువమంది వాడే ‘హెచ్ఓ’ నిష్పత్తిలో ప్రతి వస్తువూ అసలు కొలతలో 87వ వంతు ఉంటుంది. ఈ అభిరుచి ఉన్నవారికి రేవు దృశ్యమంటే ప్రత్యేకమైన మోజు. రైలు, ఓడ, క్రేను, గిడ్డంగి, లారీ, మనుషులు అందరూ ఒక్కచోట కలిసేది అక్కడే. పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనల్లోనూ థర్మోకోల్ రేవులు తరచూ కనిపిస్తాయి. వాటి తయారీలో క్రేనుకు కొలత ఉంటుంది, రైలుకు కొలత ఉంటుంది. సముద్రానికి మాత్రం ఒక డబ్బా నీలం రంగు ఉంటుంది. ఆ అలవాటు మారాలి. నమూనా రేవును నిజమైన రేవులా చేసేది దాని నీటిమట్టం. దాన్ని కొలిచి కట్టినప్పుడే ఆ బొమ్మకు అందంతో పాటు చదువు కూడా వస్తుంది.

కొలత మొదలుపెడితే

ఆరు మీటర్లను 87తో భాగిస్తే దాదాపు 7 సెంటీమీటర్లు. అంటే హజీరా ప్రాంతపు జెట్టీని బల్ల మీద కడితే, నిండు పోటులోనూ పూర్తి పాటులోనూ నీటి అంచుల మధ్య నాలుగు వేళ్ల వెడల్పు తేడా ఉండాలి. ఒకటిన్నర మీటరుకు మించని విశాఖపట్నం సగటు తేడాను అదే నిష్పత్తిలో కుదిస్తే 17 మిల్లీమీటర్లే. ఈ రెండు అంకెలు తెలిసిన క్షణం నుంచి బొమ్మలోని ప్రతి వస్తువూ మారడం మొదలవుతుంది.

హజీరా వైపు జెట్టీ స్తంభాలు పొడవుగా, సన్నగా కనిపించాలి. వాటి కింది భాగంలో నీటిలో మునిగి తేలిన గుర్తులు పట్టీలుగా ఉండాలి. అన్నిటికంటే పైన అప్పుడప్పుడు తుంపర్లు మాత్రమే తగిలే పొడి భాగం, దాని కింద నల్లటి నాచు మరక, ఆ కింద స్తంభాన్ని కరుచుకున్న గుల్లలు, అట్టడుగున ఎప్పుడూ తడిగా ఉండే పచ్చటి జారుడు నాచు. ఏ జీవి ఎంతసేపు నీళ్లు లేకుండా బతకగలదో దాన్నిబట్టి ఈ పట్టీలు ఏర్పడతాయి. అందుకే జీవశాస్త్ర విద్యార్థికి స్తంభం మీది మరకలు చాలు, అక్కడ పోటు ఎంత ఎత్తుకు వస్తుందో చెప్పడానికి. తేడా తక్కువగా ఉన్న విశాఖలో ఇవే పట్టీలు ఇరుకుగా, ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. స్తంభం అంతటా ఒకే రంగు పులిమిన బొమ్మలో ఈ కథంతా పోతుంది.

ఓడను కట్టిన తాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పెద్ద పోటు ఉన్నచోట ఓడ కొన్ని గంటల్లో కొన్ని మీటర్లు లేస్తుంది, దిగుతుంది. తాళ్లను వదులు చేస్తూ, బిగిస్తూ ఉండాలి. ఓడ నుంచి జెట్టీకి వేసిన మెట్ల వాలు ఉదయం ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. వాగుల్లోకి వచ్చే చిన్న పడవలు పాటులో బురద మీద కూర్చుంటాయి. కాబట్టి నమూనా కట్టేవారు ముందుగా ఒక గడియారం సమయం ఎంచుకోవాలి. ఆ సమయానికి నీరు పోటు మీద ఉందా, పాటు మీద ఉందా నిర్ణయించుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే పోటుపాట్ల పట్టికల్లో దేశంలోని ముఖ్య రేవుల్లో ఏ రోజు ఏ వేళకు నీరు ఎంత ఎత్తుకు వస్తుందో ఉంటుంది. ఒక తేదీ, ఒక వేళ ఎంచుకుని ఆ మట్టానికి నీటిని పెట్టిన నమూనా తప్పో ఒప్పో ఎవరైనా సరిచూడగలరు.

ఆరు మీటర్లు ఎక్కడివి?

చంద్రుడూ సూర్యుడూ రెండు తీరాలకూ ఒక్కరే. మరి ఈ తేడా ఎందుకు? జవాబు సముద్రపు అడుగు ఆకారంలో ఉంది. ముంబై, సౌరాష్ట్ర తీరాల ముందు లోతు తక్కువగా ఉండే ఖండాంచలం వందల కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంది. విశాఖ ముందు అది కొన్ని పదుల కిలోమీటర్లలోనే ముగిసి లోతైన సముద్రం వచ్చేస్తుంది. లోతు సముద్రంలో చిన్నగా ఉండే పోటు అల, లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. దాని మీద ఖంభాత్ సింధుశాఖ గరాటులా ఉత్తరానికి ఇరుకవుతూ పోతుంది. లోపలికి వచ్చిన నీరు పక్కలకు విస్తరించలేక పైకి లేస్తుంది. ఆ జలాశయపు సహజ ఊపుకూ పన్నెండున్నర గంటలకు కాస్త తక్కువగా ఉండే పోటు లయకూ కొంత పొంతన కుదరడం వల్ల ఊపు ఇంకా పెరుగుతుంది. ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు. అందుకే సింధుశాఖ పైభాగంలో భావ్‌నగర్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో తేడా పది మీటర్లు కూడా దాటుతుంది.

ఈ నీటి ఎత్తును ఆ తీరపు మనుషులు రెండు వేల ఏళ్లుగా లెక్కలోకి తీసుకుంటున్నారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దానికి చెందిన గ్రీకు నావికుల దారిపుస్తకం ‘పెరిప్లస్’ భరూచ్ రేవు గురించి చెబుతూ అక్కడి పోటు ప్రమాదాన్ని, కొత్త ఓడలను లోపలికి తీసుకెళ్లడానికి ఎదురొచ్చే స్థానిక పడవవాళ్లను వర్ణించింది. మొఘలుల కాలంలో సూరత్ దేశంలోకెల్లా పెద్ద రేవుల్లో ఒకటి. అయినా తపతి మొగలోని ఇసుక తిన్నెల వల్ల పెద్ద ఓడలు నగరం దాకా వెళ్లలేక, హజీరాకు దగ్గరలోని సువాలి వద్ద లంగరు వేసేవి. అక్కడి నుంచి సరుకు బండ్ల మీదా చిన్న పడవల్లోనూ సూరత్ చేరేది. 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకున్న ఆంగ్లేయులు, 1612లో ఈ సువాలి ముంగిటే పోర్చుగీసు నౌకలతో పోరాడి పశ్చిమ తీరంలో కాలు నిలుపుకున్నారు. నేడు సింధుశాఖకు అవతలి ఒడ్డున ఉన్న అలంగ్‌లో ఓడలను విరగ్గొట్టే పరిశ్రమ నడుస్తున్నదీ ఈ పోటు బలం మీదే. పెద్ద పోటులో ఓడను ఒడ్డు దాకా ఉరికిస్తారు. నీరు తీయగానే అది బురద మీద నిలిచిపోతుంది.

నిజం నీళ్లు పోస్తే?

ఇంత గొడవ ఎందుకు, తొట్టెలో నిజమైన నీళ్లే పోస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న ప్రసిద్ధ మోడల్ రైల్వే ప్రదర్శన ‘మినియేచర్ వుండర్‌లాండ్’ ఒక విభాగంలో దాదాపు 30,000 లీటర్ల నిజమైన నీటి మీద ఓడలను నడుపుతోంది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ భౌతికశాస్త్రం ఒక పేచీ పెడుతుంది. రైలును కుదించవచ్చు, నీటి అణువును కుదించలేం.

నీటి మీద ఒక అల నుంచి ఇంకో అలకు దూరం దాదాపు 1.7 సెంటీమీటర్లకు మించితే దాన్ని నడిపేది ప్రధానంగా గురుత్వాకర్షణ. అంతకంటే తక్కువైతే నీటి తలతన్యత. ఈ సరిహద్దులో ఉన్న చిరు అల సెకనుకు 23 సెంటీమీటర్లు కదులుతుంది. నీటి ఉపరితలం మీద ఏ అలా ఇంతకంటే మెల్లగా కదలలేదు. ఇప్పుడు 87 రెట్లు పెంచి చూడండి. బల్ల మీద 1.7 సెంటీమీటర్ల అల, బొమ్మ మనిషికి ఒకటిన్నర మీటరు అల. దాని వేగం బొమ్మలోకంలో గంటకు 72 కిలోమీటర్లు. నిజమైన సముద్రంలో అంత పొడవున్న అల గంటకు ఐదారు కిలోమీటర్లు మాత్రమే వెళుతుంది. అంటే నమూనా రేవులో గూడ్సు బండి మెల్లగా పాకుతుంటే, పక్కనే నీటి ముడతలు ఎక్స్‌ప్రెస్ రైలు వేగంతో పరుగెడుతుంటాయి. చూసేవారికి కారణం తెలియకపోయినా ఇది నీళ్ల తొట్టె అని కన్ను పట్టేస్తుంది.

పొడవును 87వ వంతు చేస్తే, గురుత్వాకర్షణ నడిపే కదలికల్లో కాలాన్ని 87కు వర్గమూలంతో, అంటే దాదాపు 9.3తో భాగించాలి. ఓడల నమూనాలను నీటి తొట్టెలో లాగి పరీక్షించిన ఆంగ్లేయ ఇంజినీరు విలియం ఫ్రూడ్ 1870ల్లో స్థిరపరచిన సూత్రం ఇది. సినిమాల్లో చిన్న ఓడ బొమ్మలను చిత్రించినప్పుడు కెమెరా వేగం పెంచి, తెర మీద నెమ్మదిగా చూపించేది ఇందుకే. ఈ సూత్రం ప్రకారం 12 గంటల 25 నిమిషాల పోటుపాట్ల చక్రం హెచ్ఓ నమూనాలో సుమారు 80 నిమిషాల్లో పూర్తవ్వాలి. చిరు అలలను కుదించలేకపోయినా, నీటిమట్టం లేచి దిగే తీరును మాత్రం నిజాయితీగా చూపించవచ్చు. ఏడు సెంటీమీటర్లు నలభై నిమిషాల్లో ఎక్కాలంటే నిమిషానికి రెండు మిల్లీమీటర్లకన్నా తక్కువ. నెమ్మదిగా లేచే ఆ నీటి మీద ముడతలు కూడా పుట్టవు. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. తొట్టెకు గొట్టంతో కలిపిన ఒక బకెట్టును కప్పీ మీద నిమిషానికి ఒక గుర్తు చొప్పున ఎత్తుతూ దించుతూ ఉంటే చాలు.

బురద రంగులోని నిజం

కదలని నీటినే చూపించాలనుకునేవారు సాధారణంగా పారదర్శకమైన రెజిన్ పోస్తారు. గట్టిపడేటప్పుడు అది వేడిని విడుదల చేస్తుంది. ఒక్కసారే మందంగా పోస్తే పగుళ్లు, బుడగలు వస్తాయి. ఓడ అంచుల వెంబడి పైకి పాకి గట్టిపడుతుంది. రెండు మిల్లీమీటర్లు పాకినా అసలు కొలతలో అది జానెడు ఎత్తు నీరు ఓడను పట్టుకుని వేలాడినట్టు. ఇంత శ్రమ పడి పోసిన స్వచ్ఛమైన నీలం నీరు ఏ భారతీయ నదీముఖంలోనూ కనిపించదు.

ఖంభాత్ సింధుశాఖలో నర్మద, తపతి, మహి, సాబర్మతి నదులు తెచ్చిన ఒండ్రును బలమైన పోటు రోజుకు రెండుసార్లు కలియబెడుతూనే ఉంటుంది. అక్కడి నీరు పాలు ఎక్కువైన చాయ రంగులో ఉంటుంది, చేతివేలు ముంచినా కనపడదు. కాబట్టి ఆ రేవుకు లోతైన రెజిన్ అవసరమే లేదు. చదునైన చెక్క మీద గోధుమ, బూడిద రంగులు కలిపి పూసి, పైన పలుచగా మెరుపు పూత వేస్తే సరిపోతుంది. ఒడ్డున పాటులో బయటపడిన బురద మీద తడి మెరుపు, అందులో నీరు తీస్తూ గీసిన కొమ్మల్లాంటి చిన్న కాలవలు, అంచున మడ మొక్కలు ఉంటే దృశ్యం పండుతుంది. నిజానికి దగ్గరైన పద్ధతే ఇక్కడ చవకైనది కూడా. విశాఖలో రంగు మళ్లీ మారుతుంది. బయటి రేవులో నీలం, ఆకుపచ్చ కలిసిన సముద్రం. లోపలి రేవులో మురికి పచ్చదనం. ఇనుప ఖనిజం, బొగ్గు దించే చోట నేల మీద ఎర్రటి, నల్లటి ధూళి. ఆ ధూళి లేకుండా కట్టిన విశాఖ రేవు ప్రకటన బొమ్మ అవుతుంది తప్ప నమూనా కాదు.

పట్టాలు రేవుకు ఎందుకొచ్చాయి?

రేవు నమూనాలో రెండో పెద్ద ప్రశ్న సరుకు. విదేశీ కిట్లు కొని పేర్చినప్పుడు ఎక్కడి క్రేనో ఎక్కడి గిడ్డంగో పక్కపక్కన చేరతాయి. ఆ రైలు ఏం మోస్తోంది, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే జవాబుండదు. అసలు రేవుల్లో ప్రతి పట్టాకూ కారణం ఉంటుంది.

విశాఖ రేవును బెంగాల్-నాగ్‌పుర్ రైల్వే కట్టింది. మధ్య భారతం నుంచి సముద్రానికి దగ్గరి దారి కోసం వేసిన రాయ్‌పుర్-విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. 1933లో సముద్రపు ఓడలకు రేవు తెరుచుకుంది. అక్కడ రేవు కట్టడమంటే కదిలే ఇసుకతో పోరాటం. ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడి కదిలే ఇసుక ప్రవేశమార్గాన్ని పూడ్చకుండా, డాల్ఫిన్స్ నోస్ కొండ ముందు రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా వాడారు. నేటికీ రేవు దగ్గర తవ్విన ఇసుకను ఉత్తరాన ఉన్న బీచ్ వైపు పోస్తుంటారు. 1960ల్లో బైలడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం కొత్తవలస-కిరండూల్ మార్గం తూర్పు కనుమలను తొలుచుకుంటూ వచ్చింది. ఆ ఖనిజాన్ని పెద్ద ఓడల్లోకి ఎత్తేందుకు 1970ల్లో బయటి రేవు వచ్చింది.

ఇక్కడే రెండు తీరాలూ కలుస్తాయి. అదే కిరండూల్ నుంచి 267 కిలోమీటర్ల గొట్టంలో నీటితో కలిపిన ఖనిజపు పొడి విశాఖకు వస్తుంది. అక్కడ గుళికలుగా మారి, ఓడల్లో దేశం చుట్టూ తిరిగి హజీరాలోని ఉక్కు కర్మాగారం చేరుతుంది. ఒక బల్ల మీద విశాఖ, ఇంకో బల్ల మీద హజీరా కడితే వాటిని కలిపేది ఈ గుళికల ఓడే. ఒక పక్క 17 మిల్లీమీటర్ల పోటు, ఇంకో పక్క 70 మిల్లీమీటర్ల పోటు. ఒకే ఓడ రెండు చోట్లా ఎలా కట్టి ఉంటుందో చూపిస్తే, భూగోళం, భౌతికశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఒకే పాఠంలో వచ్చేస్తాయి.

పుణెలో రెండు నమూనాలు

నమూనా అంటే ఆటవస్తువు అనే చిన్నచూపు ఉన్నవారు పుణె వెళ్లాలి. అక్కడ 1998లో మొదలైన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియంలో బొమ్మ రైళ్లు సంకేతాలను పాటిస్తూ బొమ్మ ఊళ్ల మధ్య పరుగులు తీస్తాయి. అదే నగరం శివార్లలో ఖడక్‌వాస్లా వద్ద కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం ఉంది. దాని మూలాలు 1916 నాటివి. అక్కడి పెద్ద షెడ్లలో దేశంలోని రేవులను, నదీముఖాలను సిమెంటుతో కుదించి కట్టి, యంత్రాలతో అలలనూ పోటునూ పుట్టించి, అడ్డుకట్ట ఎక్కడ వేయాలి, ఇసుక ఎటు పోతుంది అని ఇంజినీర్లు పరీక్షిస్తారు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ సిమెంటు రేవులకు పని పోలేదు.

ఈ పద్ధతికి మార్గం చూపినవారిలో ఒకరు మాంచెస్టర్ ఆచార్యుడు ఆస్బోర్న్ రెనాల్డ్స్. 1880ల్లో ఆయన మెర్సీ నదీముఖాన్ని ఒక తొట్టెలో కట్టారు. అడ్డుకొలతలు 31,800వ వంతు, నిలువు కొలతలు 960వ వంతు. అంత చిన్న తొట్టెలో ఎత్తునూ అదే నిష్పత్తిలో తగ్గిస్తే నీరు పలుచటి పొరగా మిగిలి, ప్రవాహం స్వభావమే మారిపోతుంది. అందుకే ఎత్తును కావాలనే ఎక్కువ చేశారు. ఒక్కో పోటుపాట్ల చక్రానికి నిమిషం కూడా పట్టేది కాదు. అయినా తొట్టెలోని ఇసుక అసలు నదీముఖంలోని తిన్నెలను పోలిన ఆకారాలు కట్టింది. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఆయన నిజాయితీ. నమూనాలో ఏది మార్చారో, ఎంత మార్చారో, ఎందుకు మార్చారో ముందే రాసిపెట్టారు.

మోడల్ రైల్వే కట్టేవారు కూడా మార్పులు చేయక తప్పదు. 190 మీటర్ల సరుకు ఓడ హెచ్ఓలో 2.2 మీటర్లు. 58 వ్యాగన్ల ఖనిజపు రైలు ఏడు మీటర్లు. భారతీయ బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి ఇరుకు మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు, బల్ల మీద రెండు మీటర్లు. దుకాణంలో దొరికే వంపు పట్టాలకు అందులో పావువంతు కూడా ఉండదు. మన 1,676 మిల్లీమీటర్ల గేజ్ 19.3 మిల్లీమీటర్లు కావాలి, కానీ దొరికే పట్టాల వెడల్పు విదేశీ గేజ్‌కు సరిపోయే 16.5 మిల్లీమీటర్లే. ఇల్లు అంత పెద్దది కాదు, జేబు అంతకన్నా కాదు. ఓడను పొట్టి చేయాలి, రైలును తగ్గించాలి. అందులో తప్పేమీ లేదు. చేసిన మార్పును దాచడమే తప్పు. నమూనా పక్కన ఒక చీటీ ఉండాలి: ‘ఓడ పొడవు సగానికి తగ్గించాం. మలుపు నాలుగింతలు ఇరుకు. నీటిమట్టం మాత్రం సరైన కొలత.’ ఆ చీటీ ఉన్న బొమ్మ శాస్త్రీయ నమూనా అవుతుంది.

ఆనందం పోతుందా?

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఇది అభిరుచి. రోజంతా పని చేసి ఇంటికొచ్చిన మనిషి సాయంత్రం ఒక గంట తనకు నచ్చిన రంగు పూసుకుంటే, అందులోకి పోటు పట్టికలూ వర్గమూలాలూ తెచ్చి పెట్టడం ఎందుకు? చూసేవారికి కావాల్సింది కళ్లకు ఇంపు. చిత్రకారుడి సముద్రాన్ని స్కేలు పెట్టి కొలుస్తారా?

ఈ మాటలో సగం నిజం ఉంది. ఇంట్లో బల్ల మీద ఎవరి సముద్రం వారిది. దానికి పరీక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ‘అచ్చం అసలులా’ అని పేరు పెట్టినప్పుడు, వైజ్ఞానిక ప్రదర్శనలో బహుమతికి పెట్టినప్పుడు, మ్యూజియంలో ప్రజల ముందు ఉంచినప్పుడు లెక్క మారుతుంది. పైగా కొలత ఆనందాన్ని తగ్గిస్తుందన్నది అనుభవానికి నిలిచే మాట కాదు. బురద మీద వాలిన పడవ, స్తంభం మీది గుల్లల పట్టీ, ఏటవాలు మెట్ల మీద సంచి మోస్తున్న కూలీ కంటికి నీలం రెజిన్‌కన్నా ఎక్కువ పని చెబుతాయి. అందం కోసం వెతికేవారికి కూడా కొలత దగ్గరి దారే.

సూరత్ పిల్లలకు, విశాఖ పిల్లలకు

ఈ వాదనలో అసలు పణం బొమ్మ కాదు. తీరప్రాంతాల పిల్లలకు తమ నీటి గురించి ఎంత తెలుసన్నది. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన వరద సూరత్‌ను ముంచెత్తింది. నగరంలో చాలా భాగం రోజుల తరబడి నీటిలో ఉంది. అది పౌర్ణమికి ముందు రోజులు, అంటే సముద్రపు పోటు పెద్దగా ఉండే సమయం. పోటు లేచినప్పుడు నది తన నీటిని సముద్రంలోకి వదిలే వేగం తగ్గుతుంది. ఈ సంగతిని పది పేజీల్లో రాసినా పిల్లలకు అంతగా పట్టదు. ఒక తొట్టెలో నది మొగను కట్టి, వెనుక నుంచి సన్నటి ధార వదిలి, ముందు నీటిమట్టాన్ని ఏడు సెంటీమీటర్లు ఎత్తితే, ఒడ్డున ఉన్న బొమ్మ ఇళ్ల దాకా నీరు ఎందుకొచ్చిందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. అసలు వరదను అది అంచనా వేయలేదు, కారణాన్ని మాత్రం చూపిస్తుంది.

సూరత్‌లో మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ బడి పిల్లల్లో చాలామంది తాతల ఊరికి సముద్రం లేదు. ఇప్పుడున్న ఊరికి దేశంలోకెల్లా పెద్ద పోట్లలో ఒకటి ఉంది. వాళ్లు ఇచ్ఛాపూర్ దాటి హజీరా దాకా వెళ్లి నీటి అంచును ఒక పూట గమనించి, పట్టికతో సరిచూసి, అట్టముక్కలతో ఒక జెట్టీ కట్టగలిగితే, తాము ఉంటున్న చోటు వాళ్ల సొంతమవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం బడులకూ ఇదే పని చెప్పవచ్చు. 1864లో ఒక్క తుపాను ఉప్పెనలో దాదాపు 30,000 మందిని పోగొట్టుకున్న మచిలీపట్నంలో, సాధారణ పోటు ఎంత, ఉప్పెన ఎంత అని స్తంభం మీద రెండు గీతలు గీసి చూపించే నమూనా ప్రతి హైస్కూల్లోనూ ఉండదగినదే.

చేయాల్సిన మార్పులు పెద్దవి కావు. వైజ్ఞానిక ప్రదర్శనల్లో రేవు, నది, ఆనకట్ట నమూనాలకు మార్కులు వేసేవారు మెరిసే దీపాల కంటే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. నీటిమట్టం ఎంత? ఆ అంకె ఎక్కడిది? నమూనాలో ఏది మార్చారు? విజ్ఞాన కేంద్రాలు, రైలు మ్యూజియంలు విదేశీ పర్వతాల మధ్య బొమ్మ రైళ్లు తిప్పే బదులు ఒక్క భారతీయ రేవునైనా పోటుపాట్లతో సహా కట్టాలి. ఓడరేవుల సంస్థలు తమ పాత పటాలను, నీటిమట్టపు లెక్కలను బడి పిల్లలకు అర్థమయ్యే రూపంలో అందుబాటులో పెట్టాలి. అభిరుచితో కట్టేవారు తమ నైపుణ్యాన్ని దగ్గరలోని బడికి ఒక ఆదివారం అప్పివ్వాలి. స్తంభానికి మరక ఎలా వేయాలో, బురదకు తడి మెరుపు ఎలా తేవాలో వాళ్లకు తెలిసినంతగా ఏ పాఠ్యపుస్తకానికీ తెలియదు.

రైలు పట్టాల వెడల్పులో మిల్లీమీటరు తేడా వస్తే మోడల్ రైల్వే ప్రియులు ఊరుకోరు, గంటల తరబడి వాదించుకుంటారు. ఆ పట్టుదలలో కొంత నీటి మీద కూడా చూపితే చాలు. రైలు ఆగే చోట మొదలయ్యే సముద్రం ఎంత ఎత్తున ఉందో చెప్పలేని రేవుకు రేవు అనే పేరు చెల్లదు.